సమాంతర బిల్డ్‌లలో ఫైళ్ల రేస్: దొరకబుచ్చుకొని సరిచేసే విధానం

పర్లాకిమిడిలోని మా రెండు గదుల ఆఫీసులో తయారయ్యే బిల్లింగు ప్రోగ్రాం ఎక్కువగా బరంపురంలోని పట్టుచీరల దుకాణాలకు వెళ్తుంది. అక్కడికి కొనడానికి వచ్చేవారిలో తెలుగువారూ ఉంటారు, ఒడియావారూ ఉంటారు కనుక బిల్లు మీద ప్రతి వాక్యమూ రెండు లిపుల్లోనూ పడవలసిందే. ఒక దసరాకు ముందు మేము పంపిన కొత్త వెర్షన్‌తో తీసిన బిల్లుల్లో తెలుగు వాక్యాలన్నీ సరిగ్గా పడ్డాయి గానీ, ఒడియా వాక్యాలు ఉండవలసిన చోట తెల్ల కాగితమే మిగిలింది. కోడ్‌లో తప్పేమీ కనిపించలేదు. అదే కోడ్‌ను మళ్లీ బిల్డ్ చేస్తే, అంటే దాని నుంచి ప్రోగ్రాంను మళ్లీ తయారు చేస్తే, రెండు భాషలూ నిక్షేపంగా వచ్చాయి. "నేనేటీ మార్చలేదన్నయ్యా, ఉత్తినే మళ్లీ బిల్డ్ కొట్టేను, వచ్చీసింది" అని మా కుర్రవాడు ఊపిరి పీల్చుకున్నాడు. నాకు మాత్రం అసలు భయం ఆ మాటతోనే మొదలైంది, ఎందుకంటే ఏమీ మార్చకుండా బాగైనది ఏమీ మార్చకుండానే మళ్లీ చెడిపోతుంది.

ఆ తప్పును పట్టుకోవడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడైతే అలాంటిది ఒక పూటలో తేలుతుంది. ఆ పద్ధతినే ఇక్కడ మెట్టుమెట్టుగా రాస్తున్నాను. ఉదాహరణలన్నీ గ్నూ మేక్ మీదనే, అంటే మేక్‌ఫైల్ అనే ఫైలులో రాసిన సూచనల ప్రకారం బిల్డ్ చేసే పనిముట్టు మీదనే ఉంటాయి. సీమేక్, నింజా అనే ఇతర బిల్డ్ పనిముట్లు వాడేవారికి అవసరమైన సంగతులు చివరి భాగంలో ఉన్నాయి. ఆజ్ఞలను, ఫైళ్ల పేర్లను పలికే విధంగా తెలుగు లిపిలో రాశాను. పెద్ద అక్షరాలని చెప్పిన చోట తప్ప, కీబోర్డు మీద వాటిని మామూలు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

రేస్ అంటే ఏమిటో ముందు స్థిరపరచుకోవాలి

బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో మేక్‌ను రాసిన నాటి నుంచి దాని ఒప్పందం ఒక్కటే: ఏ ఫైలు దేని మీద ఆధారపడుతుందో మనం చెబుతాము, ఏది ఎప్పుడు తయారు చేయాలో అది నిర్ణయించుకుంటుంది. హైఫన్ జే (ఒకేసారి ఎన్ని పనులు నడపాలో చెప్పే ఆప్షన్) ఇవ్వకుండా నడిపినప్పుడు మేక్ ఒక రూల్‌లోని (ఒక ఫైలును ఎలా తయారు చేయాలో చెప్పే భాగంలోని) డిపెండెన్సీలను, అంటే ఆ ఫైలు ఆధారపడే ఫైళ్లను, ఎడమ నుంచి కుడికి, ఒకదాని తర్వాత ఒకటిగా తీసుకుంటుంది. అందువల్ల మనం చెప్పకుండా వదిలేసిన డిపెండెన్సీ కూడా, ఆ రాసిన వరుస పుణ్యమా అని, చాలాసార్లు నెరవేరిపోతుంది. జే 8 అని, అంటే ఎనిమిది పనులు ఒకేసారి నడపమని, ఇచ్చిన క్షణంలో ఆ వరుసకు విలువ పోతుంది. చెప్పిన డిపెండెన్సీలు మాత్రమే లెక్కలోకి వస్తాయి, మిగిలినవన్నీ ఏ పని ముందు ముగుస్తుందన్న దాని మీద ఆధారపడతాయి. ఆ పందేన్నే రేస్ అంటున్నాము. కనుక రేస్‌ను మెషీన్ చేసిన అల్లరిగా చూడకూడదు. అది మనం మేక్‌ఫైల్‌లో రాయకుండా మనసులోనే ఉంచుకున్న ఒక వాక్యం.

దీనికి తోడు మరొకటి ఉంది. ఒకే ఫైలును రెండు ప్రక్రియలు (నడుస్తున్న ప్రోగ్రాంలు) రాస్తే, లేదా ఒకటి రాస్తూ ఉండగా మరొకటి చదివితే, వరుస సరిగా ఉన్నా ఫలితం చెడుతుంది. కాబట్టి ఏ రేస్‌లోనైనా మనం వెతకవలసిన ప్రశ్నలు రెండే. ఈ ఫైలును రాసేది ఎవరు, ఎంతమంది? దీన్ని చదివేవారికి, రాయడం పూర్తయిందని ఎవరు చెప్పారు?

మొదటి మెట్టు: మళ్లీ బిల్డ్ చేయకుండా ఆగడం

బిల్డ్ తప్పినప్పుడు చేయి తనంతట తానే పైబాణం కీ మీదకూ ఎంటర్ మీదకూ వెళ్తుంది. అక్కడే ఆగాలి. రెండవసారి నడిపిన మేక్ సగం రాసిన ఫైళ్ల మీద కొత్తవి రాసి, ఉన్న సాక్ష్యం అంతా తుడిచేస్తుంది. ముందుగా బిల్డ్ డైరెక్టరీ మొత్తాన్ని సమయాలు చెరగకుండా, అంటే కాపీ ఆజ్ఞకు హైఫన్ ఏ ఇచ్చి, వేరే చోటికి నకలు తీయాలి. తర్వాత ఆ నకలులో, తప్పుతో సంబంధం ఉన్న ఫైళ్ల పరిమాణాలను, పూర్తి సెకను భిన్నాలతో సహా వాటి సమయాలను చూడాలి. హెడర్ (ఇతర కోడ్ ఫైళ్లు తమలోకి చేర్చుకునే ఫైలు) కన్నా దాన్ని వాడుకున్న ఆబ్జెక్ట్ ఫైలు (కంపైలర్ ఒక కోడ్ ఫైలును మెషీన్ భాషలోకి మార్చగా వచ్చేది) ముందు తయారైనట్టు కనిపిస్తే సగం పని అయిపోయినట్టే.

లక్షణాల నుంచి కూడా కొంత తెలుసుకోవచ్చు. తయారు కావలసిన హెడర్ లేదని కంపైలర్ మొరపెట్టుకుని, వెంటనే చూస్తే ఆ హెడర్ అక్కడే ఉంటే, అది చెప్పని డిపెండెన్సీ. ఫైలు మధ్యలో తెగిపోయిందని, ఆబ్జెక్ట్ ఫైళ్లను కలిపే లింకర్ చెబితే, రాస్తూ ఉండగా చదివారు. డైరెక్టరీ ఇప్పటికే ఉందని, డైరెక్టరీలను సృష్టించే ఎంకేడిర్ ఆజ్ఞ ఆగిపోతే ఇద్దరు ఒకే డైరెక్టరీని సృష్టించబోయారు. ఒక ప్రోగ్రాంను నడపబోతే ఆ ఫైలు పనిలో ఉందని, అంటే 'టెక్స్ట్ ఫైల్ బిజీ' అని లైనక్స్ చెబితే, ఆ ప్రోగ్రాంను ఇంకా ఎవరో రాస్తున్నారు. వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది మాకు ఎదురైనది: తప్పు అన్న మాటే లేకుండా బిల్డ్ పూర్తయి, తప్పు వస్తువు దుకాణానికి చేరడం.

రెండవ మెట్టు: అరుదుగా వచ్చేదాన్ని అడిగినప్పుడల్లా వచ్చేటట్టు చేయడం

తప్పును కోరినప్పుడు రప్పించలేకపోతే, సరిచేశామని చెప్పే హక్కు మనకు ఉండదు. అందుకే ఈ మెట్టుకు ఎంత సమయం ఇచ్చినా వృథా కాదు.

గ్నూ మేక్ 4.4, అంటే 2022లో వచ్చిన వెర్షన్, లేదా ఆ తర్వాతిది ఉంటే మొదట వాడవలసినది --షఫుల్ అనే ఆప్షన్. ఇది డిపెండెన్సీలను రాసిన వరుసలో కాకుండా కలగాపులగం చేసి తీసుకుంటుంది; రూల్ లోపల డాలర్ గుర్తులతో వాడే జాబితాల వరుస మాత్రం చెదరదు. బిల్డ్ తప్పితే ఆ తప్పు సందేశం పక్కనే షఫుల్ అంకెను కూడా చూపిస్తుంది. అదే అంకెను --షఫుల్ పక్కన సమాన గుర్తుతో ఇస్తే అదే కలగలుపు మళ్లీ వస్తుంది. అంకెకు బదులు 'రివర్స్' అని ఇస్తే వరుసను తలకిందులు చేస్తుంది. నా అనుభవంలో ఈ రివర్స్ ఒక్కటే చెప్పని డిపెండెన్సీల్లో చాలావాటిని జే 1 మీదనే బయటపెట్టింది. సమాంతరంగా నడపకుండానే సమాంతర తప్పు దొరకడం ఎంత మేలో, లాగ్‌లో ఎనిమిది పనుల మాటలు కలిసిపోయి చదవలేకపోయినవారికి తెలుస్తుంది. అన్నట్టు, ఆ కలగలుపు బాధకు --అవుట్‌పుట్-సింక్ అనే ఆప్షన్ ఉంది; అది ఒక్కొక్క టార్గెట్ (తయారు కావలసిన ఫైలు) మాటలను ఒకచోట కూర్చి చూపిస్తుంది. మేక్ 4.0 నుంచి ఉన్నప్పటికీ వాడేవారు తక్కువ.

రెండవ ఉపాయం ఒంటరి బిల్డ్. డైరెక్టరీని పూర్తిగా శుభ్రం చేసి, మొత్తం ప్రోగ్రాంను కాకుండా ఒకే ఒక ఆబ్జెక్ట్ ఫైలును అడగాలి. దానికి కావలసినవన్నీ మేక్‌ఫైల్‌లో చెప్పి ఉంటే అది తయారవుతుంది. చెప్పకపోతే అక్కడే ఆగిపోతుంది. ప్రతి ఆబ్జెక్ట్ ఫైలుకూ ఇలా చేసే చిన్న షెల్ స్క్రిప్టు పది లైన్లు కూడా ఉండదు. దాన్ని రాత్రికి వదిలేసి ఇంటికి వెళ్తే తెల్లవారేసరికి జాబితా సిద్ధంగా ఉంటుంది.

మూడవది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఎందుకంటే దీనికి కొత్త మేక్ అక్కరలేదు, అదృష్టమూ అక్కరలేదు. అనుమానం ఉన్న రూల్‌లో, ఫైలు రాయడం మొదలైన తర్వాత, ముగియడానికి ముందు, కావాలనే రెండు సెకన్ల స్లీప్ పెట్టాలి. వెయ్యి బిల్డ్‌లకు ఒకసారి కొన్ని మిల్లీసెకన్లు తెరుచుకునే కిటికీని ఇలా రెండు సెకన్లు బార్లా తెరిచి ఉంచుతాము. అనుమానం నిజమైతే తప్పు ప్రతిసారీ వస్తుంది. మా ఒడియా వాక్యాల సంగతి తేలింది ఇలాగే.

మెషీన్ వేగం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. మా పాత కంప్యూటరుకు నాలుగు కోర్లు ఉండేవి, మేము జే 2 తో నడిపేవాళ్లం. పదహారు థ్రెడ్ల కొత్తది కొన్న నెలలోనే ఈ తప్పు బయటపడింది. మేక్‌ఫైల్ ఏళ్లుగా తప్పుగానే ఉంది, పాత మెషీన్ దాన్ని కప్పిపెట్టింది. జే 2, జే 3, జే 16, కోర్ల సంఖ్యకు రెట్టింపు, ఇలా మార్చి మార్చి నడపడం, పక్కన మరో భారీ పని పెట్టి నడపడం, రెండూ చేయాలి. జే పక్కన అంకె ఇవ్వకుండా వదిలేస్తే మేక్ పనుల సంఖ్యకు పరిమితే పెట్టదు. పెద్ద ప్రాజెక్టులో అలా చేస్తే మెమరీ చాలక వచ్చే తప్పులు రేస్ తప్పులతో కలిసిపోతాయి.

మూడవ మెట్టు: ఎవరు రాశారో చేతితో పట్టుకోవడం

లైనక్స్‌లో దీనికి, ప్రోగ్రాంలు ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేసే పిలుపులను నమోదు చేసే ఎస్‌ట్రేస్ చాలు. పిల్ల ప్రక్రియలను వెంబడించడానికి హైఫన్ ఎఫ్, మైక్రోసెకన్లతో సమయం కోసం హైఫన్ టీటీ ఇచ్చి, ఫైలు తెరవడం, పేరు మార్చడం, తొలగించడం అనే పిలుపులను మాత్రమే ఒక ఫైలులోకి రాయించాలి. తర్వాత ఆ జాబితాలో అనుమానం ఉన్న ఫైలు పేరును వెతకాలి. రాయడం కోసం, పాతదాన్ని ఖాళీ చేస్తూ ఆ ఫైలును తెరిచిన లైన్లు రెండు వేర్వేరు ప్రక్రియ సంఖ్యలతో కనిపిస్తే దోషులు దొరికినట్టే. ఎస్‌ట్రేస్ బిల్డ్‌ను నెమ్మదింపజేస్తుంది కనుక కాలాలు మారి రేస్ దాక్కునే అవకాశం ఉంది. అయినా ఇద్దరు రాస్తున్నారన్న సంగతి మాత్రం దాగదు, పందెం ఫలితం ఎలా ఉన్నా పోటీదారులు ఇద్దరూ జాబితాలో ఉంటారు. ఇనోటిఫై పనిముట్లతో కూడా ఫైలు మార్పులను చూడవచ్చు గానీ, మార్చినది ఏ ప్రక్రియో అవి చెప్పవు.

నాలుగవ మెట్టు: రకాన్ని బట్టి సరిచేయడం

మా తప్పుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మేక్‌ఫైల్ రాసే ప్రతివారూ ఎప్పుడో ఒకప్పుడు దీన్ని రాసే ఉంటారు. పదాల జాబితా నుంచి మా స్క్రిప్టు రెండు ఫైళ్లు తయారు చేస్తుంది. 'వాక్యాలు.ఇంక్'లో వాక్యాలు లైనుకు ఒకటి చొప్పున ఉంటాయి, 'వాక్యాలు.హెచ్'లో వాటి సంఖ్య, క్రమాంకాలు ఉంటాయి. మేక్‌ఫైల్‌లో ఈ రెండు పేర్లనూ పక్కపక్కన రాసి, మామూలు కోలన్ పెట్టి, పదాల జాబితాను డిపెండెన్సీగా ఇచ్చాము. చదివితే 'ఈ ఒక్క రూల్ రెండు ఫైళ్లనూ ఇస్తుంది' అన్నట్టే ఉంటుంది. మేక్ దాన్ని అలా చదవదు. ఒకే రెసిపీ (ఫైలును తయారుచేసే ఆజ్ఞలు) ఉన్న రెండు వేర్వేరు రూల్స్‌గా తీసుకుంటుంది. వరుస బిల్డ్‌లో మొదటి టార్గెట్ కోసం స్క్రిప్టు నడిచేసరికి రెండవ ఫైలు కూడా కొత్తగా తయారై ఉంటుంది కనుక రెండవసారి నడపదు. సమాంతర బిల్డ్‌లో స్క్రిప్టు రెండుసార్లు, ఇంచుమించు ఒకే సమయంలో నడుస్తుంది.

ఇక జరిగినది చూడండి. మా స్క్రిప్టు ముందు తెలుగు వాక్యాలను ఫైలులో కొత్తగా రాస్తుంది, ఆ తర్వాత ఒడియా వాక్యాలను దాని చివర చేరుస్తుంది. మొదటి నకలు రెండు భాషలూ రాసి ముగిసింది. అది ముగిసింది గనుక మేక్ 'పట్టిక.ఓ' కంపైల్‌ను మొదలుపెట్టింది, ఎందుకంటే ఆ ఆబ్జెక్ట్‌కు మేము ఇంక్ ఫైలును మాత్రమే డిపెండెన్సీగా చెప్పాము, హెచ్‌ను మరిచాము. సరిగ్గా అప్పుడే, కాస్త ఆలస్యంగా మొదలైన రెండవ నకలు అదే ఇంక్ ఫైలును ఖాళీ చేసి తెలుగు భాగం రాసి, ఒడియా భాగం రాయబోతోంది. కంపైలర్ చదివింది ఆ క్షణంలోని ఫైలునే. ప్రతి వాక్యమూ పూర్తి లైను కాబట్టి వ్యాకరణ దోషం లేదు. పట్టిక పొడవు హెచ్ ఫైలులోని సంఖ్య నుంచి వస్తుంది కాబట్టి మిగిలిన గదులన్నీ సున్నాలతో నిండాయి. ఆ సున్నాలే బరంపురంలో తెల్ల కాగితంగా ముద్రితమయ్యాయి.

దీనికి చికిత్స ఒక అక్షరమంత చిన్నది. మేక్ 4.3 నుంచి, అంటే 2020 నుంచి, టార్గెట్ల పేర్ల తర్వాత కోలన్‌కు బదులు &: అని పెడితే ఆ టార్గెట్లన్నీ ఒక గుంపు అవుతాయి, రెసిపీ ఒక్కసారే నడుస్తుంది. అయితే పాత మేక్ ఉన్నచోట ఈ గుర్తు పనిచేయదు. మ్యాక్ కంప్యూటర్లతో వచ్చే మేక్ 3.81 అలాంటిదే. అక్కడ శాతం గుర్తుతో రాసే ప్యాటర్న్ రూల్ వాడుకోవచ్చు, ఎందుకంటే ప్యాటర్న్ రూల్‌లో ఎన్ని టార్గెట్లు ఉన్నా మేక్ వాటిని మొదటి నుంచీ ఒకే గుంపుగా చూస్తుంది. అదీ కుదరకపోతే, ఇంక్ ఫైలుకు మాత్రమే రెసిపీ రాసి, హెచ్ ఫైలు ఇంక్ మీద ఆధారపడుతుందని ఖాళీ రెసిపీతో చెప్పాలి. ఈ చివరి పద్ధతిలో ఎవరైనా హెచ్‌ను ఒక్కదాన్నే తొలగిస్తే అది తిరిగి తయారు కాదు. ఆ లోపం తెలిసి వాడుకోవాలి. వీటితో పాటు పట్టిక.ఓ కు హెచ్ ఫైలును కూడా డిపెండెన్సీగా చేర్చాము. రెండు తప్పులు కలిస్తేనే దుకాణంలో తప్పు బయటపడింది, ఒక్కదాన్ని దిద్ది వదిలేసి ఉంటే రెండవది మరో రోజు మరో వేషంలో వచ్చేది.

స్క్రిప్టు తయారుచేసే హెడర్ల విషయంలో మరొక భ్రమ ఉంది. హైఫన్ ఎంఎండీ (పెద్ద అక్షరాల్లో) ఇస్తే కంపైలరే డిపెండెన్సీలను కనిపెట్టి డీ ఫైళ్లలో రాస్తుంది కదా, మనం చెప్పడం ఎందుకని చాలామంది అనుకుంటారు. ఆ డీ ఫైలు మొదటి కంపైల్ పూర్తయ్యాక గానీ పుట్టదు. శుభ్రమైన డైరెక్టరీలో మొదటి బిల్డ్‌కు అది ఏ విధంగానూ ఆసరా కాదు, తప్పేది మాత్రం సరిగ్గా ఆ బిల్డే. కనుక తయారయ్యే హెడర్లన్నిటినీ ఒక వేరియబుల్‌లో పెట్టి, ఆబ్జెక్ట్ ఫైళ్లన్నిటికీ వాటిని నిలువు గీత | తర్వాత, అంటే వరుసకు మాత్రమే పనికొచ్చే డిపెండెన్సీలుగా ఇవ్వాలి. అప్పుడు మొదటిసారి హెడర్లు ముందు తయారవుతాయి, తర్వాతి బిల్డ్‌లలో ఏది ఎవరికి అవసరమో డీ ఫైళ్లు కచ్చితంగా చెబుతాయి, అనవసరపు కంపైళ్లు ఉండవు.

డైరెక్టరీలకూ అదే నిలువు గీత మందు. డైరెక్టరీని మామూలు డిపెండెన్సీగా ఇస్తే, లోపల కొత్త ఫైలు పుట్టిన ప్రతిసారీ దాని సమయం మారి అన్నీ మళ్లీ కంపైల్ అవుతాయి. ఇక 'డైరెక్టరీ ఉందా? లేకపోతే సృష్టించు' అని రెండు అంచెల్లో రాసిన షెల్ పరీక్షను ఎక్కడ కనిపించినా తీసివేసి, ఎంకేడిర్‌కు హైఫన్ పీ ఇవ్వాలి. అడగడానికీ చేయడానికీ మధ్య మరొకరు ఆ పని చేసేయగలరు.

సగం రాసిన ఫైళ్లకు వస్తే, తుది పేరుతో ఎన్నడూ నేరుగా రాయకూడదన్నది మా ఆఫీసులో ఇప్పుడు నియమం. $@ (రెసిపీలో టార్గెట్ పేరును సూచించే గుర్తు) పక్కన '.టీఎంపీ' చేర్చిన పేరుతో రాసి, పూర్తయ్యాక ఎంవీతో అసలు పేరుకు మార్చాలి. ఒకే ఫైల్‌సిస్టమ్ లోపల పేరు మార్పు అవిభాజ్యం. చదివేవారికి పాత ఫైలు పూర్తిగా గానీ, కొత్తది పూర్తిగా గానీ కనిపిస్తుంది, మధ్యస్థితి కనిపించదు. తాత్కాలిక ఫైలును టీఎంపీ డైరెక్టరీలో పెడితే అది వేరే ఫైల్‌సిస్టమ్ కావచ్చు, అప్పుడు ఎంవీ నకలు తీసి తొలగించే పనిగా మారిపోయి ఈ హామీ పోతుంది. అందుకే తాత్కాలిక ఫైలు అసలు ఫైలు పక్కనే ఉండాలి. పేరు కూడా ప్రతి టార్గెట్‌కూ వేరుగా ఉండాలి. అందరూ 'అవుట్.టీఎంపీ' అనే ఒకే పేరు వాడితే మందే రోగమవుతుంది. మేక్‌ఫైల్ పైభాగంలో .డిలీట్_ఆన్_ఎర్రర్ అనే ప్రత్యేక టార్గెట్‌ను పెద్ద అక్షరాల్లో రాయడం కూడా మరవకూడదు. రెసిపీ తప్పితే సగం ఫైలును తొలగించమని అది చెబుతుంది. లేకపోతే మేక్ ఆ సగం ఫైలును వదిలేసి, మరుసటిసారి దాన్ని పూర్తయినదిగా భావిస్తుంది. గాలివాన వస్తే గంటల తరబడి కరెంటు ఉండని మా వైపు ఈ పేరు మార్పు పద్ధతి మరో విధంగా కూడా ఆదుకుంది, ఎందుకంటే కరెంటు పోయినప్పుడు తప్పు సందేశం ఇవ్వడానికి గానీ, ఫైలు తొలగించడానికి గానీ మేక్ బతికి ఉండదు.

పెద్ద ప్రాజెక్టుల్లో కనిపించేది ఉప డైరెక్టరీల రేస్. బిల్లు ముద్రణ డైరెక్టరీ, నిల్వల లెక్కల డైరెక్టరీ, రెండూ తమకు కావలసిన ఉమ్మడి లైబ్రరీ కోసం పక్క డైరెక్టరీలోకి వెళ్లి అక్కడ మేక్ నడుపుతాయి. ఒకరి మేక్‌కు మరొకరి మేక్ ఉన్నదని తెలియదు. ఇద్దరూ అదే లైబ్రరీని ఒకేసారి కడతారు. ఉమ్మడి వస్తువును కట్టే బాధ్యత పైన ఉన్న మేక్‌ఫైల్ ఒక్కదానికే ఉండాలి. ముద్రణ, నిల్వలు రెండూ ఉమ్మడి మీద ఆధారపడతాయని అక్కడే రాసి, ఉప డైరెక్టరీల నుంచి ఆ పిలుపులు తీసివేయాలి. లోపలి మేక్‌ను పిలిచేటప్పుడు మేక్ అన్న పేరును నేరుగా రాయకుండా, డాలర్ గుర్తుతో, పెద్ద అక్షరాల్లో, వేరియబుల్‌గా రాయాలి. అలా రాయకపోతే జాబ్‌సర్వర్ (ఒకేసారి నడిచే పనుల సంఖ్యను మేక్‌లన్నిటికీ కలిపి పంచేది) అందుబాటులో లేదన్న హెచ్చరిక వచ్చి లోపలి బిల్డ్ జే 1 కు పడిపోతుంది.

ఈ జాబ్‌సర్వర్ పంచేవి టోకెన్లు. మా ఊరి మీదుగా నౌపడా నుంచి గుణుపురం వెళ్లే రైలు లైను ఉన్నందువల్ల కాబోలు, టోకెన్ అనగానే నాకు రైలే గుర్తుకొస్తుంది. ఒంటి లైను మీద డ్రైవరు చేతికి టోకెన్ అందనిదే బండి తర్వాతి స్టేషన్‌కు కదలకూడదన్నది రైల్వేల పాత పద్ధతి. ఒక సెక్షన్‌కు ఒకే టోకెన్ కాబట్టి ఎదురెదురు బండ్లు గుద్దుకోవు. మేక్ టోకెన్ అలాంటిది కాదని గ్రహించడం అవసరం. ఎన్ని పనులు ఒకేసారి నడవవచ్చో అది లెక్కపెడుతుంది, అంతే. రెండు పనులు ఒకే ఫైలు మీదకు వెళ్తే అది ఆపదు. ఒంటి లైను టోకెన్ కావాలంటే ఫ్లాక్ అనే ఆజ్ఞతో తాళం వేయాలి. తాళానికి వేరే ఖాళీ ఫైలును వాడాలి, రాస్తున్న ఫైలునే తాళంగా వాడకూడదు.

అయితే ఫ్లాక్ చేతికి దొరికిందని అన్నిచోట్లా తాళాలు వేయవద్దని నా మనవి. తాళం ఇద్దరిని ఒకేసారి రానివ్వదు గానీ, ఎవరు ముందు రావాలో చెప్పదు. హెడర్ తయారుకాక ముందే కంపైలర్ తాళం తీసుకుని లోపలికి వెళ్తే తప్పు అలాగే ఉంటుంది. వరుసతో నిమిత్తం లేని పనికి, ఉదాహరణకు అందరూ ఒక లాగ్ ఫైలుకు తలా ఒక లైను చేర్చడానికి మాత్రమే తాళం తగినది. ఏఆర్ అనే ఆజ్ఞతో ఆబ్జెక్ట్ ఫైళ్లను కూర్చి కట్టే లైబ్రరీ ఫైలు విషయంలో కూడా, ఒక్కొక్క ఆబ్జెక్ట్‌ను విడివిడిగా చేర్చే రూల్స్‌కు తాళం వేయడం కన్నా, ఆబ్జెక్టులన్నీ తయారయ్యాక పాత లైబ్రరీని తొలగించి ఒకే ఆజ్ఞతో కొత్తది కట్టడం శుభ్రమైన దారి.

సీమేక్, నింజా వాడేవారికి

సీమేక్‌లో ఒకే కస్టమ్ కమాండ్ ఇచ్చే ఫైలును ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు టార్గెట్లలో పేర్కొంటే, మేక్‌ఫైళ్ల జనరేటర్ ఆ కమాండ్‌ను రెండుచోట్లా రాస్తుంది, అవి ఒకేసారి నడిచి ఢీకొంటాయి. ఆ ఫైలుకు ఒక కస్టమ్ టార్గెట్ కట్టి, రెండు టార్గెట్లూ దాని మీద ఆధారపడేలా యాడ్_డిపెండెన్సీస్‌తో చెప్పాలి. నింజాలో ఒకే ఫైలును రెండు రూల్స్ రాయబోతే అదే పట్టుకుంటుంది. తయారయ్యే హెడర్‌ను చెప్పకుండా వాడిన ఆబ్జెక్టుల కోసం నింజా 1.11 నుంచి 'మిస్సింగ్‌డెప్స్' అనే పనిముట్టు ఉంది. ఒకసారి పూర్తి బిల్డ్ అయ్యాక హైఫన్ టీ తో దాన్ని నడిపితే పేరుపేరునా జాబితా ఇస్తుంది.

చేయకూడనివి

జే 1 కు దిగిపోవడం, తప్పితే మళ్లీ నడపమని స్క్రిప్టులో రాయడం, రెసిపీలో స్లీప్‌ను శాశ్వతంగా వదిలేయడం, ఈ మూడూ తప్పును దాచే పనులే. దుకాణంలో పని అప్పటికే ఆగిపోయి ఉంటే ఆ రాత్రికి జే 1 తో బిల్డ్ చేసి పంపండి, అందులో తప్పు లేదు, మేమూ అలాగే పంపాము. కానీ మరునాడు మేక్‌ఫైల్ దగ్గరకు తిరిగి రావాలి. ఎవరో రాసిన, మనం ముట్టుకోలేని ఒక ఉప డైరెక్టరీని మాత్రం .నాట్‌ప్యారలల్ అనే, పెద్ద అక్షరాల్లో రాసే ప్రత్యేక టార్గెట్‌తో వరుసలో నడపడం న్యాయమే, దాని పక్కన కారణం ఒక కామెంటుగా రాసి పెడితే.

సమయాల విషయంలో ఒక హెచ్చరిక. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ సమయాన్ని నానోసెకన్లలో రాసినా, లైనక్స్ కెర్నల్ ఫైలు మీద వేసే ముద్ర కొన్ని మిల్లీసెకన్లకు ఒకసారే ముందుకు కదలవచ్చు. ఫ్యాట్ పెన్‌డ్రైవ్ మీదైతే ఆ అంతరం రెండు సెకన్లు. పెన్‌డ్రైవ్ మీద నేరుగా బిల్డ్ చేసి రేస్ అనుకున్న తప్పు కొన్నిసార్లు ఈ సమయాల మొరటుదనమే అవుతుంది.

ఐదవ మెట్టు: సరైందని రుజువు చేసుకోవడం

ముందు, రెండవ మెట్టులో పెట్టిన స్లీప్‌ను అలాగే ఉంచి, సరిచేసిన మేక్‌ఫైల్‌తో బిల్డ్ చేయాలి. కిటికీ రెండు సెకన్లు తెరిచి ఉన్నా తప్పు రాకపోతే చికిత్స సరైనదే. తర్వాత స్లీప్ తీసివేసి, తప్పు చూపిన షఫుల్ అంకెతోనే శుభ్రమైన డైరెక్టరీలో మళ్లీ నడపాలి. ఆపైన జే 1 తో కట్టిన ఫలితాన్ని, జే 16 తో కట్టిన ఫలితాన్ని సీఎంపీతో పోల్చి చూడాలి. కట్టిన తేదీ, సమయం ప్రోగ్రాంలో చొప్పిస్తుంటే అవి మాత్రం తేడాగా వస్తాయి, ముందే తీసివేయడం మంచిది. తప్పు లేకుండా ముగిసిన బిల్డ్ నమ్మదగినదో కాదో ఈ పోలిక ఒక్కటే చెబుతుంది. మా ఒడియా వాక్యాలు పోయిన రోజున బిల్డ్ లాగ్‌లో ఒక్క హెచ్చరిక కూడా లేదు.

ఇప్పుడు మా పదహారు థ్రెడ్ల కంప్యూటరు ప్రతి రాత్రీ శుభ్రమైన డైరెక్టరీలో, ప్రతిసారీ కొత్త షఫుల్ అంకెతో యాభై బిల్డ్‌లు చేస్తుంది. కట్టిన ప్రతి ప్రోగ్రాంతోనూ ఒక నమూనా బిల్లు తీసి, అందులోని తెలుగు లైన్లు, ఒడియా లైన్లు సరిసమానంగా ఉన్నాయో లేదో లెక్కిస్తుంది. తప్పిన అంకె ఏదైనా ఉంటే అది ఉదయానికి మా కుర్రవాడి తెర మీద ఉంటుంది. మొదటి వారంలో రెండు అంకెలు వచ్చాయి, రెండూ డైరెక్టరీ సృష్టించే రూల్ దగ్గరివే; వాటిని తానే దిద్ది, అవే అంకెలతో మళ్లీ నడిపి, ఆ తర్వాతే నాకు చూపించాడు.